బెంగళూరులో క్వీర్ నాటకాలు, సినిమాలు, ప్రదర్శనలు: కొత్తగా వచ్చేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. శిక్షణ నిమిత్తం నవంబరు నెలంతా బెంగళూరులో, ఇందిరానగర్ దగ్గరి వసతి గృహంలో ఉండవలసి ఉంది. పగలు పనిలో గడిచిపోయినా సాయంత్రాలు, శని ఆదివారాలు నా చేతిలోనే ఉంటాయి.

నేను గేనని మా అక్కకూ, ఒకరిద్దరు మిత్రులకూ మాత్రమే తెలుసు. ఎ. రేవతి గారి ఆత్మకథను పి. సత్యవతి గారు తెలుగులోకి తెచ్చారనీ, ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చిందనీ పత్రికలో చూసి, ఆ పుస్తకం తెప్పించుకుని చదివాను. హిజ్రాల జీవితాన్ని గురించి అంత సూటిగా, అంత నిర్భయంగా చెప్పిన మాటలను మన భాషలో చదవడం నాకు ఎంతో బలాన్నిచ్చింది. ఇటువంటి జీవితాలను ఒంటరిగా పుస్తకంలోనో ఫోనులోనో కాకుండా, వేదిక మీదా తెర మీదా, పదిమందితో కలిసి కూర్చుని చూడాలన్న కోరిక అప్పటినుంచి ఉంది. మా ఊళ్లో అందుకు అవకాశం దొరకలేదు.

బెంగళూరు గురించి వెతికితే ఎక్కువగా పబ్బులు, రాత్రి పార్టీల వివరాలే కనిపిస్తున్నాయి. వాటిని నేను తప్పుపట్టడం లేదు కాని, నేను మద్యం తీసుకోను, హోరెత్తే సంగీతం మధ్య కొత్తవారితో మాట్లాడడం నాకు చేతకాదు. క్వీర్ కళాకారుల, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి మనవారి, నాటకం, సినిమా, నృత్యం, చిత్రకళ చూడాలంటే నగరంలో ఏ ప్రాంతానికి వెళ్లాలి? టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లవచ్చా, లేక తెలిసినవారు తీసుకువెళ్లాలా? నాకు కన్నడం రాదు, ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడితే అర్థమవుతుంది. మా అక్క కూడా ఒక వారాంతానికి వస్తానంటున్నది. ఆమె వంటివారు వస్తే అక్కడివారికి ఇబ్బందిగా ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

హలసూరు వాసి జవాబు

కృష్ణాతీరం గారూ, మీరు అడిగిన మొదటి ప్రశ్ననే కొంచెం మార్చి జవాబు చెబుతాను. బెంగళూరులో ఫలానా పేటకు వెళితే అంతా క్వీర్ కళలే కనిపిస్తాయని చెప్పగలిగిన చోటు లేదు. ఇక్కడ క్వీర్ కళ అంతా అందరూ వెళ్లే రంగశాలల్లో, విదేశీ భాషా కేంద్రాల సభామందిరాల్లో, పుస్తకాల దుకాణాల్లో, ప్రభుత్వ కళాక్షేత్రాల్లో జరుగుతుంది. ఆ మందిరమే మరుసటి రోజున శాస్త్రీయ సంగీత కచేరీకో, పిల్లల నాటకానికో వేదిక అవుతుంది. కాబట్టి మీరు పటం ముందు పెట్టుకుని వెతికితే పబ్బులే దొరుకుతాయి, క్యాలెండరు ముందు పెట్టుకుని వెతికితే మీరు కోరుకున్నవి దొరుకుతాయి. ఆ లెక్కన మీరు నవంబరులో రావడం నిజంగా మంచి అదృష్టం.

ఎందుకంటే నమ్మ ప్రైడ్ అని పిలిచే బెంగళూరు ప్రైడ్, అంటే క్వీర్ సమాజం బహిరంగంగా నడిచే ఊరేగింపు, సాధారణంగా నవంబరు చివరి భాగంలో జరుగుతుంది. దానికి ముందు కొన్ని వారాల పాటు కర్ణాటక క్వీర్ హబ్బ (హబ్బ అంటే కన్నడంలో పండుగ) పేరుతో చర్చలు, సినిమా ప్రదర్శనలు, కవితా పఠనాలు, ఆటల పోటీలు, సాంస్కృతిక సాయంత్రాలు నగరంలో వేర్వేరు చోట్ల నడుస్తాయి. ఏ సంవత్సరం కార్యక్రమాలు ఆ సంవత్సరానివే గనుక, పాత పట్టికలను నమ్మకుండా, నిర్వాహకుల సామాజిక మాధ్యమాల ఖాతాలను అక్టోబరు నుంచే గమనిస్తూ ఉండండి. బెంగళూరులో మొదటి ప్రైడ్ నడక 2008లో, ఢిల్లీ, కోల్‌కతా నగరాలతో పాటు జరిగింది. అప్పటికి స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్ పూర్తి బలంతో ఉంది, నడిచిన వారిలో కొందరు ముఖాలకు మాస్కులు తగిలించుకున్నారు. అవి నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పు ఆ తరువాత పదేళ్లకు గాని రాలేదు. ఇక్కడి కళా కార్యక్రమాలను చూసేటప్పుడు ఆ పదేళ్లను గుర్తుంచుకోవాలని నా మనవి. ఈ వేదికలను వ్యాపార సంస్థలు కట్టి ఇవ్వలేదు. నేరస్థులని పిలిపించుకుంటూనే సాయంత్రాలు సమయం మిగుల్చుకున్న సాధారణ ఉద్యోగులు, విద్యార్థులు, కార్యకర్తలు, వీధుల్లో బతుకుతున్న ట్రాన్స్ మహిళలు వాటిని నిలబెట్టారు.

సినిమాల సంగతికి వస్తే బెంగళూరు క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్ 2009లో మొదలైంది. దానిని నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు. ప్రవేశానికి రుసుము లేదు, ఇష్టమైనవారు విరాళం ఇస్తారు. చాలా ఏళ్ల పాటు ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో జరిగింది కాబట్టి మీ నవంబరు ప్రయాణంలో అది తగలకపోవచ్చు, కాని మళ్లీ ఒకసారి రావడానికి అంతకన్న మంచి కారణం నాకు తెలియదు. వసంతనగర్‌లోని అలియాన్స్ ఫ్రాన్సేజ్, ఇందిరానగర్‌లో సి.ఎం.హెచ్. రోడ్డు మీద ఉన్న గోథే ఇన్‌స్టిట్యూట్, అంటే పాతవారు మాక్స్ ముల్లర్ భవన్ అనే చోటు, ఈ ఉత్సవానికి చాలాసార్లు ఆతిథ్యమిచ్చాయి. లఘుచిత్రాలూ, డాక్యుమెంటరీలూ, భారతీయ భాషల చిత్రాలూ, విదేశీ చిత్రాలూ కలిపి వేస్తారు. ఒక పూట కూర్చుంటే ఎక్కడో మణిపూర్‌లోనో, ఇంకెక్కడో లాటిన్ అమెరికాలోనో మనలాగే ఇంట్లో ఏం చెప్పాలో తెలియక తిరుగుతున్న మనిషిని చూస్తాము, పక్క కుర్చీలోని అపరిచితుడు అదే చోట కళ్లు తుడుచుకోవడం చూస్తాము. మీరు పదిమందితో కలిసి కూర్చుని చూడాలని రాసిన మాట నాకు అర్థమైంది గనుకనే దీన్ని ఇంత విస్తరించి చెబుతున్నాను.

మీ వసతి నుంచి గోథే ఇన్‌స్టిట్యూట్ దగ్గరే. శాండ్‌బాక్స్ కలెక్టివ్ అనే ఇక్కడి నాటక బృందం ఆ సంస్థతో కలిసి 2015 నుంచి జెండర్ బెండర్ అనే ఉత్సవాన్ని నిర్వహిస్తున్నది. స్త్రీ పురుష భేదాన్ని గురించి కొత్తగా ఆలోచించే కళాకారులను ఎంపిక చేసి, వారికి కొంత ఆర్థిక సహాయం ఇచ్చి, వారు తయారుచేసిన ప్రదర్శనలనూ కళాకృతులనూ అందులో చూపిస్తారు. కొన్ని అంత సులభంగా కొరుకుడు పడవు. అర్థం కానివాటి దగ్గర కాసేపు నిలబడి, అక్కడే ఉన్న కళాకారుణ్ణి నేరుగా అడగండి, సంతోషంగా చెబుతారు. దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్ కూడా మీకు దగ్గరే. అక్కడ ఎక్కువ కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం. ప్రతి కార్యక్రమమూ క్వీర్ జీవితానికి చెందినది కాదు గాని, పుస్తకావిష్కరణలు, చట్టంపై ఉపన్యాసాలు, నృత్య ప్రదర్శనలలో ఈ విషయం గౌరవంగా వస్తూ ఉంటుంది.

రాత్రి ప్రదర్శనలను మీరు వద్దనుకున్నారు, కాని డ్రాగ్ కళను, అంటే మగవారు ఆడవారిగానో ఆడవారు మగవారిగానో వేషం కట్టి చేసే ప్రదర్శనను, ఒక్కసారైనా చూడమని నా సలహా. మాయమ్మ అనే పాత్రతో 2014 నుంచి వేదికలెక్కుతున్న అలెక్స్ మాథ్యూ గారు ఈ నగరపు కళాకారుడే. చీర కట్టి, పూలు పెట్టుకుని, పాటా మాటా కలిపి ఆయన చేసే ప్రదర్శనలో తెచ్చిపెట్టుకున్న పాశ్చాత్య వేషం కన్న మన ఇళ్లలోని పెద్దమ్మలు ఎక్కువ కనిపిస్తారు. ది లలిత్ అశోక్ హోటల్‌లోని కిట్టీ కో డ్రాగ్ రాత్రులకు పేరు పొందింది. ఆ హోటళ్ల అధిపతులలో ఒకరైన కేశవ్ సూరి గారు 377వ సెక్షన్‌కు వ్యతిరేకంగా సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషనర్లలో ఉన్నారు. ఖర్చు మాత్రం ఎక్కువే. అయితే డ్రాగ్ ప్రదర్శనలు కేఫ్‌లలో, ఆఫీసు కార్యక్రమాలలో, హబ్బ సాంస్కృతిక సాయంత్రాలలో కూడా ఉంటాయి, మీకు అవే అనుకూలం.

తుంగభద్ర జవాబు

హలసూరు వాసి గారు శ్రద్ధగా రాశారు. అయితే ఆయన చెప్పిన వాటిలో చాలా భాగం ఇంగ్లీషు మాట్లాడే బెంగళూరు. నాది బళ్లారి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నేను ట్రాన్స్ మహిళను. ఈ రాష్ట్రంలో మా కళ ఉత్సవాల కన్న, కేంద్రాల కన్న చాలా పాతది. దాన్ని చూడకుండా కృష్ణాతీరం గారు వెనక్కి వెళితే సగమే చూసినట్టు.

జోగతి నృత్యం గురించి మీరు విని ఉండకపోవచ్చు. ఎల్లమ్మకు అంకితమైన జోగతులు తల మీద అమ్మవారి కొడాన్ని, అంటే బిందెను, నిలిపి, చేత్తో పట్టుకోకుండా, చౌడికె అనే తంత్రి వాద్యం మోగుతుండగా పాడుతూ ఆడతారు. తెలంగాణలో బైండ్లవారు జమిడిక మీద ఎల్లమ్మ కథ చెప్పడం మీరు ఎప్పుడైనా విని ఉంటే, చౌడికె తంత్రి మోగగానే ఆ శబ్దాన్ని గుర్తు పడతారు. బళ్లారి ప్రాంతంలో పుట్టి, ఇంటి నుంచి వెలివేతకు గురై, భిక్షాటన చేస్తూ ఈ విద్య నేర్చుకున్న మంజమ్మ జోగతి గారు 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు, ఆ పదవిలో కూర్చున్న మొదటి ట్రాన్స్ మహిళ ఆమె. 2021లో పద్మశ్రీ అందుకునేటప్పుడు ఆమె రాష్ట్రపతికి చీర కొంగుతో దిష్టి తీసిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. వేడుకగా చూసినవారు చాలామందే ఉన్నారు. మాకు మాత్రం అది వేడుక కాదు. ఊరి గుమ్మాల్లో నిలబడి మేము ఎవరెవరికో ఇచ్చిన దీవెనను ఆమె రాష్ట్రపతి భవన్‌లో, అదే తీరున, ఏ బెదురూ లేకుండా ఇచ్చారు.

మీరు బెంగళూరులో ఉండబోయేది నవంబరు. నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం గనుక ఆ నెలంతా నగరంలో జానపద కళా ప్రదర్శనలు ఉంటాయి. జె.సి. రోడ్డు మీది రవీంద్ర కళాక్షేత్రానికీ, దాని వెనుక ఉన్న సంస బయలు రంగమందిరానికీ వెళ్లి బోర్డు చూడండి. చాలా కార్యక్రమాలకు టిక్కెట్టు ఉండదు. జోగతుల బృందం ఉన్న రోజు దొరికితే మిగిలినవన్నీ వదులుకుని దానికే వెళ్లండి. పాట అర్థం కాకపోతే పక్కనున్నవారిని అడగండి. బెంగళూరులో పది కుర్చీలకొకరైనా తెలుగు తెలిసినవారు ఉంటారు. ఒక విషయం మాత్రం మనసులో ఉంచుకోండి. అమ్మవారికి బాలికలనూ, మావంటివారినీ అంకితం చేసే ఆచారం వెనుక పేదరికం, కులం, దోపిడీ ఉన్నాయి. కర్ణాటకలో దేవదాసీ వ్యవస్థను 1982లో చట్టం నిషేధించింది. కళను గౌరవించడమంటే ఆ బాధను మరచిపోవడం కాదని, జోగతులతో మాట్లాడితే వారే మీకు చెబుతారు.

మీరు చదివిన రేవతి గారు తమిళనాడులో పుట్టినా, మావంటివారి హక్కుల కోసం పనిచేసే బెంగళూరులోని సంగమ సంస్థలో పనిచేస్తూ కార్యకర్తగా ఎదిగారు. తరువాత తన జీవితాన్నే ఏకపాత్ర ప్రదర్శనగా వేదిక మీదికి తెచ్చారు. ఆమె ఆత్మకథను కన్నడంలోకి దు. సరస్వతి గారు తెచ్చారు, అది నాటకంగా కూడా వచ్చింది. ఆమె ప్రదర్శన ఎక్కడైనా ఉందని తెలిస్తే, బెంగళూరైనా చెన్నై అయినా, బస్సెక్కండి. మీరు పుస్తకంలో చదివిన మనిషి మీ ముందు నిలబడి మాట్లాడుతుంటే ఎలా ఉంటుందో నేను వర్ణించను.

గోడల సంగతి కూడా చెప్పాలి. అరవాణి ఆర్ట్ ప్రాజెక్ట్ 2016లో ఈ నగరంలోనే పుట్టింది. ట్రాన్స్ మహిళలు, ఇతర మహిళలు కలిసి బహిరంగ స్థలాలలో పెద్ద పెద్ద గోడలకు బొమ్మలు వేస్తారు. ఇతర నగరాలలోనూ వేశారు. సిగ్నళ్ల దగ్గర మమ్మల్ని చూసి కారు అద్దాలు ఎత్తుకునే ఊళ్లో, నిచ్చెన మీద నిలబడి కుంచె పట్టుకున్న మమ్మల్ని అదే జనం ఆగి చూస్తారు, ఏం వేస్తున్నారమ్మా అని అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే ఆ పని చేస్తున్నామనిపిస్తుంది. నగరంలో తిరిగేటప్పుడు గోడలను గమనించండి, ఈ చిత్రాలు చూడటానికి టిక్కెట్టూ అక్కర్లేదు, పరిచయమూ అక్కర్లేదు.

పాత ప్రేక్షకుడు జవాబు

నేను గే సమాజానికి చెందినవాణ్ణి కాను. నెల్లూరు నుంచి వచ్చి జయనగరంలో స్థిరపడి, పదవీ విరమణ తరువాత నాటకాలు చూడటమే పనిగా పెట్టుకున్నవాణ్ణి. నాయనా, మీ అక్కగారి గురించి మీరు అడిగిన దానికి నావంటివాడు జవాబు చెప్పడం సబబేననుకుంటాను. ఇటువంటి నాటకాలకు నేనూ నా భార్యా వెళ్లినప్పుడు ఎవరూ మమ్మల్ని పరాయివాళ్లుగా చూడలేదు. ఆమెను తప్పకుండా తీసుకురండి.

జె.పి. నగర్‌లోని రంగశంకర 2004లో తెరుచుకుంది. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ గారి స్మృతిలో ఆయన భార్య, నటి అరుంధతీ నాగ్ గారు అనేకుల సహాయంతో నిలబెట్టిన రంగశాల అది. సోమవారం తప్ప దాదాపు ప్రతిరోజూ ఏదో ఒక నాటకం ఉంటుంది, కన్నడం, ఇంగ్లీషు, హిందీ ఎక్కువ, అప్పుడప్పుడు ఇతర భాషలు. సాయంత్రం ఏడున్నరకు అంటే ఏడున్నరకే తలుపులు మూస్తారు. ఆలస్యంగా వచ్చినవారు ఎంతటివారైనా లోపలికి వెళ్లలేరు. ఇందిరానగర్ నుంచి సాయంత్రం రద్దీలో ఆటోను నమ్ముకోవద్దు. మెట్రోలో మెజెస్టిక్‌కు వెళ్లి, అక్కడ ఆకుపచ్చ మార్గం రైలు ఎక్కి, దిగిన తరువాత మాత్రమే ఆటో మాట్లాడుకోండి. కొంచెం ముందుగా చేరితే అక్కడి కేఫ్‌లో అక్కి రొట్టె తినవచ్చు. స్వలింగ ప్రేమ, ట్రాన్స్ జీవితం ఇతివృత్తంగా ఉన్న నాటకాలు ఆ వేదిక మీద అప్పుడప్పుడు వస్తాయి, కాబట్టి నెల ప్రారంభంలోనే వారి పట్టికను చూసి, కథాసారాంశాన్ని చదివి టిక్కెట్టు కొనండి. వైట్‌ఫీల్డ్‌లోని జాగృతి రంగశాల కూడా మంచిదే కాని మీకు దూరం.

ఇంకొక మాట. ఇటువంటి చర్చలలో మనవాళ్లు వెంటనే, మన సంప్రదాయంలో స్త్రీ వేషాలు లేవా, స్థానం నరసింహారావు గారు లేరా, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు లేరా అంటారు. చిన్నతనంలో శర్మ గారి సత్యభామను చూసే భాగ్యం నాకు కలిగింది, ఆ జడ తిప్పు, ఆ నడక ఇప్పటికీ కళ్లముందున్నాయి. కాని అది నటుడు సాధించిన విద్య, ప్రదర్శన ముగిశాక వేషం తీసేస్తాడు. తుంగభద్ర గారు చెప్పిన జీవితం తీసిపెట్టేది కాదు. వేదిక మీద మగవాడు ఆడవేషం కడితే చప్పట్లు కొట్టిన ఊళ్లే తమ ఇంటి బిడ్డ తాను ఆడపిల్లనని చెబితే గెంటేశాయి. అందువల్ల ఆ పాత గొప్పను చూపించి ఇప్పటివారి బాధను చిన్నది చేయకూడదు. రెండింటినీ విడివిడిగా గౌరవించగలిగితేనే ఈ నాటకాలు మనకు సరిగా అందుతాయని నా నమ్మకం.

కృష్ణాతీరం

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పెద్దలు రాసిన జవాబును అక్కకు చదివి వినిపించాను, ఆమె రైలు టిక్కెట్టు చూస్తున్నది. తుంగభద్ర గారూ, జోగతి నృత్యం గురించి నాకు ఏమీ తెలియదు, ఇప్పుడు దానికోసమే ఎదురుచూస్తున్నాను.

ఒక భయం మాత్రం మిగిలింది. మా బంధువులూ, కాలేజీ మిత్రులూ చాలామంది బెంగళూరులోనే ఉద్యోగాలు చేస్తున్నారు. ఇటువంటి చోట ఎవరైనా చూస్తే, లేక నా ఫొటో ఎక్కడైనా వస్తే, నేను చెప్పకముందే విషయం ఇంటికి చేరుతుంది. ప్రైడ్‌లో నడవాలని ఉన్నా ఈ కారణంగానే వెనకాడుతున్నాను. దీనికి ఎవరైనా దారి చూపగలరా?

నీలిచుక్క జవాబు

మీ భయం నాకు బాగా తెలిసినదే. నేను లెస్బియన్‌ను, మాది కర్నూలు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా సహోద్యోగులలో సగం మంది తెలుగువాళ్లు, వారిలో ఇద్దరు మా వీధివాళ్లు. అయినా ఈ కార్యక్రమాలకు వెళ్లడం మానలేదు, ఎందుకంటే అన్ని కార్యక్రమాలూ ఒకే విధంగా బహిరంగం కావు, ఆ తేడా తెలుసుకుంటే చాలా వరకు నిశ్చింతగా ఉండవచ్చు.

రంగశంకరలోనో, ఇంటర్నేషనల్ సెంటర్‌లోనో నాటకం చూస్తున్న మిమ్మల్ని ఎవరైనా గుర్తుపడితే, మీరు నాటకం చూడటానికి వచ్చిన ప్రేక్షకుడు, అంతే. పెద్దాయన వంటివారు కూడా అదే వరుసలో కూర్చుని ఉంటారు. మిమ్మల్ని చూసినవారు కూడా అదే నాటకానికి వచ్చి ఉంటారన్న సంగతి మరచిపోకండి. సినిమా ఉత్సవంలోనూ దాదాపు ఇదే పరిస్థితి. చిన్న సమావేశాలు వేరు. గుడ్ యాజ్ యూ అనే సహాయక బృందం 1994 నుంచి ఉంది, దేశంలోని పాత బృందాలలో అది ఒకటి, గురువారం సాయంత్రాల సమావేశాలకు పేరు పొందింది. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది మర్యాద. మీరు కళలు చూడటానికి వస్తున్నారు గాని, నెల రోజులు ఉంటున్నారు గనుక, వారిని ముందుగా సంప్రదించి ఒక గురువారం వెళ్లి కూర్చుంటే ఆ తరువాతి కార్యక్రమాలకు తోడు దొరుకుతుంది. ఒంటరిగా గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవారు చాలామంది, తోడుంటే లోపలికి వస్తారు.

ప్రైడ్ ఊరేగింపు మాత్రం పూర్తిగా బహిరంగం. పత్రికల వాళ్లు, టీవీ కెమెరాలు, దారిన పోయేవారి ఫోన్లు, అన్నీ ఉంటాయి. అక్కడ మీ ముఖం ఎక్కడా పడదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను దాపరికం లేకుండా చెబుతున్నాను, ఇంట్లో తెలియడం వల్ల మీ చదువుకో, ఉద్యోగానికో, ప్రాణానికో ముప్పు ఉందనుకుంటే నడవవద్దు. మాస్కు, టోపీ, ముఖం మీద రంగులు కొంత సహాయపడతాయి, కాని మీ నడకను బట్టి మీ అమ్మగారు గుర్తుపడతారు. నడవకపోయినా దారి పక్కన నిలబడి చూడవచ్చు, అలా చూసేవారిలో సగం మంది మనవాళ్లే ఉంటారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నేను మొదట అలా చూసినదాన్నే, ఆ రోజు నాకు తక్కువేమీ కాలేదు. నడవనివారు ధైర్యం లేనివారని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలన్నది పూర్తిగా మీ హక్కు.

మీరు పాటించవలసినది కూడా ఒకటుంది. ప్రేక్షకులను, ముఖ్యంగా ట్రాన్స్ మహిళలను, అడగకుండా ఫొటో తీయకండి. రంగు రంగుల చీరలు కట్టుకుని వచ్చారు గనుక ఫొటో తీసుకోవచ్చని అనుకునేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. వారిలోనూ మీలాగే ఇంట్లో తెలియనివారు ఉంటారు. బృందంతో దిగిన ఫొటోను మాధ్యమాలలో పెట్టేముందు అందులోని ప్రతి ఒక్కరినీ అడగడం ఇక్కడి అలవాటు.

మీ అక్కగారితో వస్తున్నారు గనుక రాత్రి ప్రయాణం గురించి కూడా చెబుతాను. మెట్రో రైళ్లు రాత్రి పదకొండు ప్రాంతంలో ముగుస్తాయి. నాటకం తొమ్మిదిన్నరకు అయిపోతే మెట్రోకు సమయం సరిపోతుంది, డ్రాగ్ రాత్రులకు సరిపోదు, తిరుగు ప్రయాణానికి క్యాబ్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. డేటింగ్ యాప్‌లో పరిచయమైనవారు కార్యక్రమానికి తీసుకువెళతామంటే, నేరుగా ఆ మందిరం దగ్గరే కలవండి, వారి గదికో కారులోకో వెళ్లవద్దు. అలా పిలిచి డబ్బు గుంజే ముఠాలు అన్ని పెద్ద నగరాలలోనూ ఉన్నాయి, ఇంట్లో చెబుతామని బెదిరించడమే వారి ఆయుధం. అటువంటిది జరిగితే డబ్బు ఇవ్వకుండా 112కు ఫోన్ చేయండి, ఇక్కడి సహాయక బృందాలకు చెప్పండి. పరస్పర అంగీకారంతో కలిసిన ఇద్దరు పెద్దవారిని 377వ సెక్షన్ పేరు చెప్పి బెదిరించడానికి 2018 తరువాత ఎవరికీ ఆధారం లేదు.

ఆడవారికి ప్రత్యేకమైన చోట్ల గురించి కూడా చెప్పాలని ఉంది, కాని నిజం ఏమిటంటే అవి మగవారి పార్టీల కన్న చాలా తక్కువ. పుస్తక పఠనాలు, ఇళ్లలో జరిగే కవితా గోష్ఠులు, హబ్బ రోజుల్లో జరిగే మహిళల సాయంత్రాలు మాకు ఎక్కువ ఆధారం. ఇందిరానగర్‌లోని అట్టా గలాట్టా పుస్తకాల దుకాణంలో పఠనాలు, చిన్న ప్రదర్శనలు జరుగుతుంటాయి. మీ అక్కగారికి అది బాగా నచ్చుతుంది.

హలసూరు వాసి

తుంగభద్ర గారి మాట నూటికి నూరుపాళ్లూ నిజం. అందుకే నేను రాసిన దానిని ఆమె జవాబుతో కలిపి మీ వారాలకు సర్ది చెబుతాను. మొదటి వారంలో రవీంద్ర కళాక్షేత్రం బోర్డు చూసి జానపద కార్యక్రమానికి వెళ్లండి, అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. పని రోజుల్లో సాయంత్రాలకు దొమ్మలూరు, ఇందిరానగర్ చాలు, జె.పి. నగర్ నాటకాన్ని శని ఆదివారాలకు ఉంచుకోండి, ఆ రోజుల్లో మధ్యాహ్నం ప్రదర్శన కూడా తరచుగా ఉంటుంది. అక్కగారు వచ్చే వారాంతాన్ని హబ్బ సాంస్కృతిక సాయంత్రం ఉన్న తేదీకి కలుపుకోండి, ఊరేగింపు సంగతి అప్పటికి ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు.

నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌లో కామ్రా అనే క్వీర్ అభిలేఖాగారం ఉంది. 377వ సెక్షన్ కేసులకు, ఉద్యమానికి చెందిన దృశ్యాలు, పత్రాలు, పాత కరపత్రాలు అక్కడ భద్రపరిచారు. ప్రదర్శనశాల వలె నేరుగా వెళ్లి చూసేది కాదు, ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. మీరు పని రోజున ఒక పూట సెలవు పెట్టగలిగితే ఇప్పుడే వారికి రాయండి, జవాబు రావడానికి సమయం పట్టవచ్చు.